హక్కుల ఉద్యమాల్లో ప్రచార వ్యూహం

మానవ హక్కుల రక్షణ కోసం, సమాజంలో మార్పు కోసం ఏ విషయాన్ని, ఎవరికి, ఎవరి నోట, ఏ మాధ్యమంలో, ఏ సమయంలో చెప్పాలో ముందే ఆలోచించుకుని ఆ ప్రకారం సాగించే కృషిని ప్రచార వ్యూహం అంటారు. కరపత్రం, గోడపత్రిక, కళాజాత, పాదయాత్ర, బహిరంగ విచారణ, పత్రికా సమావేశం, రేడియో కార్యక్రమం, వీడియో, సామాజిక మాధ్యమాల్లో పెట్టే పోస్టు అన్నీ ఇందులో పనిముట్లే. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను వ్యూహం కాదు. పనిముట్లన్నిటినీ ఒక స్పష్టమైన కోరిక వైపు నడిపించే ఆలోచనే వ్యూహం.

వ్యాపార ప్రకటనకు కొనుగోలుదారు కావాలి, ఎన్నికల ప్రచారానికి ఓటు కావాలి. హక్కుల ప్రచారానికి కావలసింది వేరు. అన్యాయానికి గురైనవారికి న్యాయం, గౌరవం దక్కాలి, తమ జీవితం గురించి జరిగే నిర్ణయాల్లో వారికి చోటు దొరకాలి. అందుకే ఇక్కడ గెలుపు ఎంత ముఖ్యమో, గెలిచిన తీరూ అంతే ముఖ్యం. బాధితుల గౌరవాన్ని తగ్గించి సాధించిన గెలుపు హక్కుల గెలుపు కాదు.

ఈ కృషికి చట్టబద్ధమైన పునాది ఉంది. ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరు 10న ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటనలోని 19వ అధికరణం భావ ప్రకటనతో పాటు సమాచారాన్ని వెతికి తెలుసుకునే, ఇతరులకు అందించే స్వేచ్ఛను గుర్తించింది. భారత రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం వాక్ స్వాతంత్ర్యానికి హామీ ఇచ్చింది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రసార మాధ్యమాలపై ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని ప్రశ్నించింది.

చారిత్రక నేపథ్యం

పద్ధతి ప్రకారం సాగిన తొలి హక్కుల ప్రచారాల్లో బ్రిటన్‌లో బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా జరిగిన ఉద్యమం ఒకటి. 1787లో లండన్‌లో ఏర్పడిన సంఘం తరఫున థామస్ క్లార్క్‌సన్ ఓడరేవులు తిరిగి నావికుల వాంగ్మూలాలు సేకరించాడు. సంకెళ్ళు, బొటనవేళ్ళను నొక్కే ఇనుప మరలు తెచ్చి జనానికి చూపించాడు. బ్రూక్స్ అనే ఓడలో నాలుగు వందల మందికి పైగా మనుషులను ఎలా కిక్కిరిసి పడుకోబెడతారో చూపే నమూనా చిత్రం 1788-89లో అచ్చై ఇంటింటికీ చేరింది. 1791లో పార్లమెంటు బానిస వ్యాపార నిషేధ బిల్లును తిరస్కరించాక, బానిసల శ్రమతో తయారైన పంచదారను వేలాది కుటుంబాలు మానేశాయి. ఓటు హక్కు లేని స్త్రీలు వంటింటి నుంచే ఆ నిరసనను నడిపారు. బానిస వ్యాపారాన్ని నిషేధించే చట్టం 1807లో గానీ రాలేదు.

ఈ ఉద్యమంలోనే ఒక పాఠం దాగి ఉంది. కుమ్మరి పనిలో పేరుపొందిన జోసయా వెడ్జ్‌వుడ్ తయారు చేయించిన పతకంపై సంకెళ్ళతో మోకరిల్లి చేతులు జోడించిన ఆఫ్రికన్ బొమ్మ ఉంటుంది. ఆ పతకం జాలి పుట్టించింది, కానీ బానిసను దయ కోసం వేడుకునేవాడిగానే నిలిపింది. అదే కాలంలో, 1789లో, బానిసత్వం నుంచి బయటపడిన ఒలౌడా ఈక్వియానో తన ఆత్మకథను తానే రాసి, తానే ఊరూరా తిరిగి అమ్మాడు. ఒకచోట బాధితుడు బొమ్మగా మిగిలాడు, మరోచోట వక్తగా నిలిచాడు. ఈ రెండు దారుల మధ్య ఎంపిక నేటికీ ప్రతి హక్కుల ఉద్యమం ముందూ ఉంది.

తెలుగునాట ఈ పనికి పునాదులు పందొమ్మిదో శతాబ్దంలోనే పడ్డాయి. కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను మొదలుపెట్టి, ప్రహసనాలు రాసి, ఉపన్యాసాలిచ్చి, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించాడు. రాసిన మాటను చేతలో చూపించడమే ఆయన ప్రచారానికి బలం. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితాను విజయనగరం సంస్థానాధీశుడు తయారు చేయించాడని, అందులో 1,034 పెళ్ళిళ్ళు లెక్కకు వచ్చాయని గురజాడ తన పీఠికలో రాశాడు. ఒక చేత లెక్క, మరో చేత జనం మాట్లాడే భాషలో నాటకం. ఆధారమూ కథా కలిసి నడవాలన్న సూత్రం ఆనాడే మన రంగస్థలం మీద కనిపించింది.

1920లో ‘మూక్‌నాయక్’ పత్రికను ప్రారంభించిన బి.ఆర్. అంబేడ్కర్, అణచివేతకు గురైన కులాలకు సొంత పత్రిక లేకపోతే వారి మాట బయటికి రాదని గ్రహించాడు. 1927లో మహద్ చెరువు నీటిని తాగే సత్యాగ్రహం ఆ మాటకు ప్రత్యక్ష రూపం.

వ్యూహంలోని అంగాలు

కోరిక: ప్రచారం ఒక స్పష్టమైన కోరికతో మొదలవ్వాలి. ‘సమాజం మారాలి’ అనేది ఆశయం. ‘మా ఊరి సారా దుకాణం వేలం ఆపండి’ అనేది కోరిక. దాన్ని ఎవరు తీర్చగలరో, ఎప్పటికి తీర్చాలో చెప్పగలిగితేనే దానికి పదును వస్తుంది.

శ్రోత: అందరికీ చెప్పాలనుకుంటే ఎవరికీ సరిగా అందదు. నిర్ణయం తీసుకునే అధికారి, ఆ అధికారిని కదిలించగలవారు, ఇప్పటికే మద్దతిస్తున్నవారు, తటపటాయిస్తున్నవారు, వ్యతిరేకులు అని విడదీసుకుని, ఎవరికి ఏ మాట చేరాలో తేల్చుకోవాలి. గట్టి వ్యతిరేకులతో వాదిస్తూ కాలం గడిపేకంటే తటపటాయించేవారిని కలుపుకోవడం మేలు.

ఆధారం: నిజనిర్ధారణ లేని ఆరోపణ మొత్తం ఉద్యమం పరువు తీస్తుంది. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం, 1998లో ఏర్పడిన మానవ హక్కుల వేదిక ఘటనాస్థలికి వెళ్ళి బాధితులను, సాక్షులను, అధికారులను కలిసి నివేదికలు ప్రచురించే సంప్రదాయాన్ని తెలుగునాట నిలబెట్టాయి. ఈ రెండింటిలోనూ పనిచేసిన కె. బాలగోపాల్ (1952-2009) రచనలకు, ప్రసంగాలకు అంతటి విలువ రావడానికి వాటి వెనుక ఉన్న క్షేత్ర పరిశీలన ఒక ప్రధాన కారణం.

కథ: లెక్కల కంటే ఒక మనిషి కథ ఎక్కువగా కదిలిస్తుందని పాల్ స్లోవిక్, ఆయన సహచరులు 2007లో ప్రచురించిన పరిశోధన చూపింది. అయితే శాంతో అయ్యంగార్ 1991లో వెలువరించిన అధ్యయనం మరో ముఖ్య సంగతి చెప్పింది. పేదరికం గురించిన వార్త ఒక్క వ్యక్తి చుట్టూనే తిరిగితే, ప్రేక్షకులు ఆ కష్టానికి ఆ వ్యక్తినే బాధ్యుణ్ణి చేస్తారు. విధానాలనూ కారణాలనూ చూపితే ప్రభుత్వాన్ని, సమాజాన్ని ప్రశ్నిస్తారు. కాబట్టి ఒక రైతు ఆత్మహత్య గురించి చెప్పేటప్పుడు ఆ ఇంటి దుఃఖంతో పాటు అప్పు ఇచ్చిందెవరు, వడ్డీ ఎంత, గిట్టుబాటు ధర ఎందుకు రాలేదు అన్నవీ చెప్పాలి.

చెప్పేవారు: కష్టాన్ని అనుభవించినవారి మాటకు ఉండే బలం ఏ ప్రముఖుడి మాటకూ ఉండదు. బయటివారి పని ఆ గొంతుకు వేదిక ఏర్పాటు చేయడం, చట్టం తెలియజేయడం, వెనక నిలబడడం.

మాధ్యమం, సమయం: చదువు రానివారున్న చోట పాట, వీధినాటకం, రోజంతా చేలో ఉండేవారికి సాయంత్రపు రేడియో, అధికారులకు నివేదిక, యువతకు ఫోన్‌లో చిన్న వీడియో. అసెంబ్లీ సమావేశాలు, బడ్జెట్, వేలంపాటలు, కోర్టు విచారణ తేదీలు, ఎన్నికలు నిర్ణయాలు జరిగే వేళలు. మాట ఆ వేళకు ముందే చేరాలి.

సారా వ్యతిరేక ఉద్యమం

ఆంధ్రప్రదేశ్‌లో 1991-95 మధ్య సాగిన సారా వ్యతిరేక ఉద్యమం ఈ అంగాలన్నీ ఒక్కచోట కనిపించే ఉదాహరణ. దాని వేరు అక్షరాస్యత కార్యక్రమంలో ఉంది. నెల్లూరు జిల్లాలో ‘అక్షర దీపం’ పేరుతో జరిగిన సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమంలో కళాజాతలు ఊరూరా తిరిగాయి, రాత్రి బడుల్లో స్త్రీలు కూడారు. వాచకంలోని ‘సీతమ్మ కథ’ భర్త తాగుడుతో నలిగిన ఇల్లాలి కథ. చదివిన ప్రతి స్త్రీకీ అందులో తన ఇల్లే కనిపించింది. కలిగిరి మండలం దూబగుంటలో స్త్రీలు చేయి చేయి కలిపి సారా దుకాణాన్ని మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు ఆ ఊరి పేరుతో కలిసి ‘దూబగుంట రోశమ్మ’గా రాష్ట్రమంతా తెలిసింది. దూబగుంట విజయం తిరిగి నవ అక్షరాస్యుల వాచకంలో పాఠంగా చేరింది. ఒక ఊరి అనుభవం మరో ఊరికి పుస్తకంగా వెళ్ళింది. ఈ ఉద్యమంలో ఇంతకు మించిన ప్రచార సాధనం లేదు.

వ్యూహపరంగా దీని గొప్పతనం లక్ష్యాన్ని ఎంచుకోవడంలో ఉంది. ‘తాగడం పాపం’ అని మగవాళ్ళకు నీతులు చెప్పడంతో ఆగకుండా, సారా వేలంపాటలను, వాటి వెనుక ఉన్న కాంట్రాక్టర్లను, ఎక్సైజు ఆదాయం మీద ఆధారపడిన ప్రభుత్వాన్ని స్త్రీలు నిలదీశారు. వేలం జరిగే రోజున కలెక్టరు కార్యాలయం ముందు బైఠాయించారు. ఊళ్ళోకి వచ్చే సారా ప్యాకెట్లను తగలబెట్టారు. ‘బడి ఇవ్వండి, నీళ్ళివ్వండి, సారా వద్దు’ అన్న అర్థంలో వారు వేసిన ప్రశ్నలకు పాలకుల దగ్గర జవాబు లేదు. ‘ఈనాడు’ దినపత్రిక ఈ వార్తలకు ప్రత్యేకంగా చోటిచ్చి జిల్లా ఉద్యమాన్ని రాష్ట్రమంతటికీ చేర్చింది.

1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్య నిషేధం ఫైలుపై సంతకం చేశారు, 1995 జనవరిలో అది అమలైంది. 1997లో ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. ఖజానాకు ప్రత్యామ్నాయ ఆదాయం, అక్రమ రవాణా అదుపు, గెలుపు తరువాత కూడా కాపలా కాసే సంఘాలు లేనప్పుడు చట్టం నిలవదని ఈ ముగింపు నేర్పింది. తాగినవారికి గుండు కొట్టించడం వంటి శిక్షలు కొన్నిచోట్ల జరిగాయి. కడుపుమంటతో చేసినవే అయినా, మనిషిని అవమానించే పద్ధతిని హక్కుల ఉద్యమం సమర్థించుకోలేదు.

బహిరంగ విచారణ, సమాచార హక్కు

రాజస్థాన్‌లో 1990 మే 1న ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ప్రభుత్వ రికార్డునే ప్రచార సాధనంగా మార్చింది. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ ఈ సంస్థకు ముఖ్యులు. కరువు పనులకు కనీస వేతనం ఎందుకు అందడం లేదని అడిగిన కూలీలకు మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) చూస్తే తప్ప జవాబు దొరకదని తేలింది. 1994 డిసెంబరు 2న కోట్ కిరానా గ్రామంలో తొలి ‘జన సునవాయి’ (బహిరంగ విచారణ) జరిగింది. రికార్డులో ఎవరి పేరున ఎంత కూలీ రాసి ఉందో జనం మధ్య గట్టిగా చదివి వినిపించారు. పనికే రానివారి పేర్లు, కట్టని కట్టడాల ఖర్చులు అక్కడికక్కడే బయటపడ్డాయి. శంకర్ సింగ్ బొమ్మలాటలు, పాటలు చదువు రాని కూలీకి లెక్కల మర్మం విప్పి చెప్పాయి.

‘మా డబ్బు, మా లెక్క’ అన్న నినాదం సమాచార హక్కును మేధావుల చర్చ నుంచి కూలీ రేటు దగ్గరికి తెచ్చింది. 1996 ఏప్రిల్‌లో బ్యావర్ పట్టణంలో మొదలైన 40 రోజుల ధర్నాకు కూరగాయల వ్యాపారులు, పట్టణ కార్మికులు, ‘జన్‌సత్తా’ సంపాదకుడు ప్రభాష్ జోషి వంటి పాత్రికేయులు తోడు నిలిచారు. అదే ఏడాది సమాచార హక్కు కోసం జాతీయ స్థాయి ప్రచార వేదిక ఏర్పడింది. 2000లో రాజస్థాన్ చట్టం, 2005లో కేంద్ర సమాచార హక్కు చట్టం వచ్చాయి. 2005 అక్టోబరు 12 నుంచి చట్టం పూర్తిగా అమలైంది. ఉపాధి హామీ పనులపై 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ మొదలుపెట్టిన సామాజిక తనిఖీలు ఈ జన సునవాయి పద్ధతికే కొనసాగింపు. ఒక ఉద్యమం కనిపెట్టిన పద్ధతిని ప్రభుత్వమే తన వ్యవస్థలో చేర్చుకోవడం అరుదైన ఫలితం.

సఫాయి కర్మచారి ఆందోళన్

చేతులతో మలం ఎత్తించే దురాచారాన్ని 1993లో చట్టం నిషేధించింది. చట్టం కాగితంపైనే ఉండిపోయింది, ‘మా దగ్గర ఆ పని లేదు’ అని రాష్ట్రాలు చెబుతూ వచ్చాయి. కోలారు బంగారు గనుల్లో సఫాయి పని చేసిన తెలుగు దళిత కుటుంబంలో 1966లో పుట్టిన బెజవాడ విల్సన్, మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్‌లతో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నడిపారు. కార్యకర్తలు వీధి వీధి తిరిగి పొడి మరుగుదొడ్లను ఫొటోలు తీశారు, పనిచేసేవారి వివరాలు నమోదు చేశారు. 2003లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. లేదన్న ప్రభుత్వం ముందు ఉన్నదాన్ని పెట్టడమే వారి ప్రచారం. మరోవైపు స్త్రీలు మలం మోసే బుట్టలను తగలబెట్టి, మరుగుదొడ్లను కూల్చి, ఆ పనిని తామే తిరస్కరించారు.

2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షల రూపాయలు ఇవ్వాలని ఆదేశించింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. 2015 డిసెంబరు 10న దిబ్రూగఢ్‌లో మొదలైన ‘భీమ్ యాత్ర’ 125 రోజులు దేశమంతా తిరిగి అంబేడ్కర్ 125వ జయంతికి ముందురోజు ఢిల్లీ చేరింది. ‘మమ్మల్ని చంపడం ఆపండి’ అన్నదే దాని కోరిక. ‘ప్రమాదవశాత్తు మృతి’ అని రెండు వరసల్లో ముగిసే వార్తను హత్యగా చూడమని ఆ మాట దేశాన్ని అడిగింది. విల్సన్‌కు 2016లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. అయినా మ్యాన్‌హోళ్ళలో చావులు ఆగలేదు. చట్టం, తీర్పు, పురస్కారం అన్నీ వచ్చాక కూడా పని మిగిలే ఉందనడానికి ఇంతకంటే వేరే నిదర్శనం అక్కరలేదు.

సొంత మాధ్యమం

పత్రికలు, టీవీలు ఎప్పుడు పట్టించుకుంటాయా అని ఎదురుచూడకుండా సొంత మాధ్యమాన్ని నిర్మించుకున్నవారు జహీరాబాద్ ప్రాంతపు దళిత స్త్రీలు. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు నేటి సంగారెడ్డి జిల్లా మాచ్నూరులో స్టూడియో కట్టుకుని, తమ కార్యక్రమాలను ఏళ్ళ తరబడి రికార్డు చేసి సంఘాల్లో వినిపించాయి. స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో అనుమతించే విధానం 2006లో వచ్చింది. 2008 అక్టోబరు 15న ‘సంగం రేడియో’ ప్రసారాలు మొదలయ్యాయి. చిరుధాన్యాలు, విత్తనాలు దాచుకోవడం, ఆరోగ్యం, పండుగ పాటలు అన్నీ అక్కడి యాసలోనే వినిపిస్తాయి. తమ భాష రేడియోకి పనికిరాదని అప్పటిదాకా విన్న స్త్రీలకు ఆ ప్రసారమే ఒక హక్కు. ఇదే సంస్థకు చెందిన గ్రామీణ స్త్రీలు కెమెరాలు పట్టి వరంగల్ ప్రాంతంలో బీటీ పత్తి రైతుల అనుభవాలను చిత్రీకరించారు. 2019లో సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం దక్కింది.

పట్టణ ప్రేక్షకుల కోసం వృత్తి నిపుణులు నడిపిన ప్రచారానికి ఉదాహరణ 2008లో బ్రేక్‌త్రూ సంస్థ చేపట్టిన ‘బెల్ బజావో’. పక్కింట్లో భార్యను కొడుతున్న చప్పుడు వింటే వెళ్ళి కాలింగ్ బెల్ కొట్టమని అది పురుషులను కోరింది. గృహహింస నిరోధక చట్టం 2005లోనే వచ్చినా, ‘అది వాళ్ళింటి గొడవ’ అన్న భావన ఇరుగుపొరుగును కదలనివ్వలేదు. ఆ భావనకే ఈ ప్రచారం గురిపెట్టింది. చిన్నదైనా చేయదగ్గ పని ఒకటి చెప్పడం దాని బలం.

నైతిక నియమాలు

బాధితుల అనుమతి లేకుండా పేరు, ఫొటో, కథ వాడకూడదు. ఆ కథ ఎక్కడ, ఎంతకాలం కనిపిస్తుందో, దానివల్ల ఏ ముప్పు రావచ్చో వారికి అర్థమయ్యేలా చెప్పాకే అనుమతి అడగాలి. మనసు మార్చుకునే హక్కు వారిదే. లైంగిక దాడికి గురైనవారి గుర్తింపును బయటపెట్టడం చట్టరీత్యా నేరం, పిల్లల విషయంలో పోక్సో చట్టం మరింత కట్టుదిట్టం. పీటర్ గాబ్రియేల్ తదితరులు 1992లో ప్రారంభించిన విట్‌నెస్ సంస్థ వీడియో తీసేవారికి నేర్పే తొలి పాఠాల్లో భద్రత, అనుమతి ముఖ్యమైనవి. ఒక వీడియోలో వెనక కనిపించే ముఖం కూడా రేపు ఒకరి ప్రాణం మీదికి తేవచ్చు.

శవాల చిత్రాలు, చిరిగిన బట్టలు, ఏడుపులు చూపి కూడగట్టిన జాలి త్వరగా ఆరిపోతుంది. పోరాడే మనిషిగా, ఆలోచించే మనిషిగా చూపితే చూసేవారు జాలిపడడంతో ఆగక పక్కన నిలబడతారు.

పరిమితులు, ప్రమాదాలు

జనాగ్రహం ఎప్పుడూ హక్కుల పక్షాన ఉంటుందని అనుకోరాదు. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో యువ పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య దేశాన్ని కుదిపింది. టీవీ చర్చల్లో, సామాజిక మాధ్యమాల్లో తక్షణ శిక్ష కోసం హోరు రేగింది. డిసెంబరు 6న నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పోలీసులపై జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని అది తేల్చింది. కోపాన్ని రగిలించడం సులభం, న్యాయ విచారణ దిశగా నడిపించడం కష్టం. ఆ కష్టాన్ని తప్పించుకున్న ప్రచారం ఒక హక్కు పేరుతో మరో హక్కును బలిచేస్తుంది.

తప్పుడు సమాచారం, డబ్బిచ్చి చేయించే ఎదురు ప్రచారం, స్త్రీ కార్యకర్తలపై ఆన్‌లైన్ దూషణలు, ఇంటర్నెట్ నిలిపివేతలు కొత్త కాలపు అడ్డంకులు. అబద్ధాన్ని ఖండించే తొందరలో దాన్నే పదేపదే వల్లిస్తే అదే జనం మనసులో నాటుకుంటుంది. ముందు నిజాన్ని సూటిగా చెప్పి, తరువాతే అబద్ధాన్ని క్లుప్తంగా ప్రస్తావించడం మేలైన పద్ధతి.

ఫలితాల అంచనా

ఎన్ని పత్రికల్లో వార్త వచ్చింది, ఎంతమంది వీడియో చూశారు అన్నవి శ్రమకు కొలతలు, మార్పుకు కావు. జీవో వచ్చిందా, బడ్జెట్ కేటాయించారా, కేసు నమోదైందా, పరిహారం చేతికందిందా, బాధిత సంఘం మునుపటికన్నా బలపడిందా అన్నవి అసలు ప్రశ్నలు. సారా ఉద్యమం చట్టం సాధించి కొన్నేళ్ళకే కోల్పోయింది. కానీ ఊరి సభలో నిలబడి మాట్లాడడం అలవాటైన స్త్రీలను మిగిల్చింది. ఈ రెండూ ఫలితాలే, రెండింటినీ నిజాయితీగా నమోదు చేయాలి.

దూబగుంట, కోట్ కిరానా, మాచ్నూరు వంటి చోట్ల ప్రచారాన్ని ప్రకటనల సంస్థలు నడపలేదు. కష్టం అనుభవించినవారే ఆధారం చేతబట్టి, తమ భాషలో, నిర్ణయం చేయవలసినవారి ముందు నిలబడి అడిగారు. హక్కుల కోసం ప్రచారం తలపెట్టే ఏ సంఘమైనా కరపత్రం అచ్చుకివ్వకముందే వారి దగ్గరికి వెళ్ళి, ఏం అడగాలో, ఎలా అడగాలో వారినే అడగాలి. అది చేయని ప్రచారం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా హక్కుల ప్రచారం అనిపించుకోదు.